విశ్వామిత్రుడి కొండలు

మొన్న దసరా సెలవులకి మా పిన్ని మా యింటికి వచ్చింది. డెబ్భై ఆరేళ్ళ మనిషి. బదరీ, కేదారం చూసొచ్చిన పుణ్యాత్మురాలు. మధ్యాహ్నం కాఫీ గ్లాసు పట్టుకుని ఆవిడ మా అమ్మాయి గదిలోకి వెళ్ళింది. అమ్మాయి యింటి దగ్గర్నించే ఆఫీసు పని చేస్తుంది. అప్పుడే పని ఆపినట్టుంది, కంప్యూటర్ తెర మీద అంకెలూ లేవు, అక్షరాలూ లేవు. తెర నిండా ఒక దృశ్యం. వెనక మంచు కప్పిన కొండ. ముందు అద్దంలాంటి సరస్సు. కొండకీ సరస్సుకీ మధ్య పల్చని పొగమంచు.

పిన్ని గ్లాసు బల్ల మీద పెట్టేసి, లెంపలు వేసుకుని, రెండు చేతులూ జోడించింది.

"ఇది మానససరోవరమే గదుటే? వెనకాలది కైలాసం కాబోలు!"

అమ్మాయి నవ్వింది. "కాదు అమ్మమ్మా. ఇది ఏ వూరూ కాదు. ఇలాంటి చోటు భూమ్మీద ఎక్కడా లేదు. కంప్యూటర్‌తో చేసిన బొమ్మ."

"ఫోటో కాదూ?"

"కాదు."

"పోనీ ఎవరైనా చేత్తో వేసిందా?"

"చేత్తో కూడా కాదు. లెక్కలతో."

పిన్ని మొహం చిన్నబోయింది. కాసేపు ఆ కొండ వంక చూసి, "అయితే యిప్పుడు నేను పెట్టిన దణ్ణం ఎవరికి చేరినట్టే?" అంది.

అమ్మాయి దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు. ఆ ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. లేని కొండని ఎవరు లేపారు? ఎలా లేపారు? దాన్ని చూస్తే ఉన్న కొండని చూసినట్టు మనసు ఎందుకు నిమ్మళిస్తుంది? పదిహేను రోజులు కూర్చుని చదివాను. చదివింది మీతో చెప్పకుండా వుండలేక యిది రాస్తున్నాను.

ఇంట్లో ఒక దృశ్యం వేలాడదీసుకోవాలన్న కోరిక మనకి కొత్తది కాదు. కొత్త సంవత్సరం రాగానే కిరాణాకొట్టువాడో, బట్టలకొట్టువాడో యిచ్చిన క్యాలెండరు గోడకెక్కేది. అందులో దేవుడి బొమ్మ కాకపోతే జలపాతం. తేదీలు అయిపోయినా బొమ్మ చింపడానికి మనసొప్పక, కింద కాగితాలు మాత్రం తీసేసి, బొమ్మని అట్లాగే వుంచిన యిళ్ళు నాకు తెలుసు. ఫోటో స్టూడియోలో అయితే వెనక రంగుల తెర వుండేది. దాని మీద మెట్లు, పూలకుండీలు, కొలను, కొలనులో హంసలు. ఆ హంసల ముందు నిలబడి పెళ్ళిఫోటో తీయించుకోని దంపతులు ఆ రోజుల్లో తక్కువ.

కంప్యూటర్ తెరకి ఈ భాగ్యం కాస్త ఆలస్యంగా పట్టింది. 1984లో వచ్చిన మెకింతోష్ కంప్యూటర్ తెర మీద పని లేనప్పుడు కనిపించేది నలుపు తెలుపు చుక్కల అల్లిక మాత్రమే. నిలువుగా ఎనిమిది, అడ్డంగా ఎనిమిది, మొత్తం 64 చుక్కలు. ఆ 64 చుక్కల్లో ఏది నల్లగా వుండాలో, ఏది తెల్లగా వుండాలో మనం నిర్ణయించుకుంటే, అదే నమూనా తెరంతా పరుచుకునేది. వాకిట్లో చుక్కలు పెట్టి ముగ్గేసే మనకి యిది అర్థం కావడానికి పెద్ద చదువు అక్కర్లేదు. 1990లో విండోస్ మూడో రూపం వచ్చినప్పుడు వాల్‌పేపర్ అనే పేరుతో తెర వెనక బొమ్మలు పెట్టుకునే వీలు కలిగింది. వాల్‌పేపర్ అంటే గోడకి అంటించే కాగితం. పేరుకి తగ్గట్టే అవి కూడా చాలామటుకు గళ్ళూ, అల్లికలే.

ఆ రోజుల్లో మామూలు తెర మీద అడ్డంగా 640, నిలువుగా 480 చుక్కలు పట్టేవి. గుణిస్తే 3,07,200. అంటే మూడు లక్షల చుక్కల ముగ్గు! అన్ని చుక్కలు చేతిలో వుంటే గళ్ళతో ఎవరు తృప్తి పడతారు? కొండలు కావాలి, సముద్రాలు కావాలి అనిపించింది. అయితే, కంప్యూటర్‌కి అన్నిటికన్నా చేతకానిది కొండే. ఆ కథ తెర మీద వాల్‌పేపర్ రాకముందే, ఇంకో చోట మొదలయింది.

బడిలో మనకి జ్యామెట్రీ చెప్పారు. సరళరేఖ, వృత్తం, త్రికోణం, గోళం. వీటితో ఇల్లు గీయవచ్చు, కుర్చీ గీయవచ్చు, విమానం కూడా గీయవచ్చు. ఎందుకంటే అవన్నీ మనిషి చేసినవి. కొండని గీయమంటే చిన్నపిల్లలు రెండు త్రికోణాలు గీసి మధ్యలో సూర్యుణ్ణి పెడతారు. కంప్యూటర్ కూడా చాలాకాలం అంతకన్నా మెరుగ్గా గీయలేకపోయింది. దానికి నునుపు తెలుసు. గరుకు తెలియదు.

గరుకుని లెక్కల్లోకి తెచ్చిన మహానుభావుడు బెన్వా మాండెల్‌బ్రాట్. 1924లో వార్సాలో ఒక యూదు కుటుంబంలో పుట్టాడు. 1936లో ఆ కుటుంబం ఫ్రాన్సు చేరింది. యుద్ధకాలంలో, జర్మన్ల ఆక్రమణలో, ప్రాణాలు దక్కించుకుంటూ పల్లెపట్టుల్లో తలదాచుకున్న కుర్రవాడు. తరవాత 1958లో అమెరికా వెళ్ళి ఐబిఎం కంపెనీ పరిశోధనశాలలో చేరాడు. 1967లో ఆయన ఒక వ్యాసం రాశాడు. అందులో అడిగిన ప్రశ్న వింటే మనకి నవ్వొస్తుంది. బ్రిటన్ సముద్రతీరం పొడవెంత?

కొలిస్తే తెలుస్తుంది గదా అంటారు మీరు. తెలియదు, అదే తమాషా. జాకెట్టు చేతికి లేసు కుట్టారనుకోండి. టేపు పెట్టి తిన్నగా కొలిస్తే పన్నెండంగుళాలు. లేసు అంచు వంకర్ల వెంబడి దారం పెట్టి కొలిస్తే పద్ధెనిమిది కావచ్చు. ఆ ఒక్కో వంకరలో మళ్ళీ చిన్న చిన్న చుట్లుంటాయి, వాటి వెంబడి కూడా సూదిమొనతో పోతే యింకా పెరుగుతుంది. సముద్రతీరం కూడా అంతే. కొలబద్ద ఎంత చిన్నదైతే తీరం అంత పొడుగు. ఇంగ్లీషు శాస్త్రవేత్త లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్ అంతకుముందే ఒక విచిత్రం పట్టుకున్నాడు. స్పెయిన్‌కీ పోర్చుగల్‌కీ మధ్య సరిహద్దు ఒక లెక్కలో 987 కిలోమీటర్లు, మరో లెక్కలో 1,214. సరిహద్దు ఒకటే. ఎవరూ అబద్ధమాడలేదు. కొలిచిన బద్ద వేరు, అంతే.

ఈ వంకరలో వంకర, అందులో మళ్ళీ వంకర అనే గుణానికి మాండెల్‌బ్రాట్ 1975లో ఫ్రాక్టల్ అని పేరు పెట్టాడు. మన పెరట్లోనే దీనికి ఉదాహరణ వుంది. మునగరెమ్మ ఒకటి తుంపి చూడండి. పెద్ద ఈనెకి అటూ యిటూ చిన్న ఈనెలు, ఒక్కో చిన్న ఈనెకి అటూ యిటూ మరీ చిన్నవి, వాటికి ఆకులు. చిన్న ఈనెని విడిగా చూస్తే పెద్ద రెమ్మకి బొమ్మలా వుంటుంది. కూర కోసం మునగాకు దూసిన చేతులకి ఈ సంగతి ఎప్పుడూ తెలుసు. కొండలు కూడా యిలాంటివే. దూరాన్నించి కొండ శిఖరం ఎంత గరుకో, దగ్గరికి వెళ్ళి ఒక బండరాయి చూసినా అంత గరుకే. రాయి ఫోటో తీసి, పక్కన మనిషినో మేకనో పెట్టకపోతే, అది కొండో రాయో చెప్పడం కష్టం.

మాండెల్‌బ్రాట్ తోటి ఉద్యోగి రిచర్డ్ వాస్ ఈ లెక్కలతో కంప్యూటర్ చేత కొండల బొమ్మలు గీయించాడు. 1982లో వచ్చిన మాండెల్‌బ్రాట్ పెద్ద పుస్తకం, ‘ప్రకృతి ఫ్రాక్టల్ జ్యామెట్రీ’ అని మనం చెప్పుకోవచ్చు, అలాంటి బొమ్మలతో లోకానికి తెలిసింది. లెక్కల పుస్తకాన్ని బొమ్మల కోసం కొనుక్కున్నవాళ్ళు ఎందరో!

ఈలోగా అమెరికాలోనే సియాటిల్ పట్నంలో, బోయింగ్ విమానాల కంపెనీలో, లోరెన్ కార్పెంటర్ అనే ఉద్యోగి వుండేవాడు. కంప్యూటర్‌తో విమానాల బొమ్మలు గీయడం ఆయన పని. విమానం బాగానే వచ్చేది. విమానం వెనక కొండలుంటే బాగుంటుందని ఆయన కోరిక. మాండెల్‌బ్రాట్ రాసిన ఒక పుస్తకం ఆయన చేతికి వచ్చింది. అందులో కొండల బొమ్మలున్నాయి గాని, కంప్యూటర్‌కి సులువుగా చెప్పే ఉపాయం ఆయన వెతుక్కోవలసి వచ్చింది. ఆయన కనిపెట్టిన ఉపాయం ఎంత తేలికంటే, నేను మీకు ముగ్గుపిండితో చెప్పేయగలను.

నేల మీద ఒక త్రికోణం గీయండి. మూడు గీతల మీదా సరిగ్గా మధ్యలో ఒక్కో చుక్క పెట్టండి. ఆ మూడు చుక్కలూ కలపండి. ఒక త్రికోణం నాలుగయింది. ఇప్పుడు ఆ మధ్యచుక్కల్ని నేల మీద వుండనివ్వకండి. గవ్వలు వేసి, పడినదాన్నిబట్టి ఒకదాన్ని మూరెడు పైకి లేపండి, ఒకదాన్ని మూరెడు కిందికి దించండి. తరవాత నాలుగు త్రికోణాలకీ యిదే పని. ఈసారి మూరెడు కాదు, జానెడు. ఆ తరవాత బెత్తెడు. ఆ తరవాత అంగుళం. ఐదుసార్లు చేస్తే 1,024 త్రికోణాలు. పదిసార్లు చేస్తే 10,48,576. పది లక్షల పైచిలుకు ముక్కలు, ఒక్కటీ పక్కదానిలా వుండదు. దూరంగా నిలబడి చూస్తే ఎదురుగా కొండ!

కంప్యూటర్‌కి ఓపికెక్కువ గనక ఈ పని విసుక్కోకుండా చేస్తుంది. అయితే అప్పటి యంత్రాలకి వేగం తక్కువ. కార్పెంటర్ ఆ కొండల మీదుగా ఎగిరిపోతున్నట్టు రెండు నిమిషాల సినిమా తీశాడు. ఒక్కొక్క బొమ్మ తయారవడానికి యిరవై నుంచి నలభై నిమిషాలు పట్టింది. ఆ సినిమా పేరు ‘వోల్ లీబ్ర్’. ఫ్రెంచిలో, రెక్కలు కట్టుకుని గాలిలో తేలే ఆటకి ఆ పేరు. 1980లో సియాటిల్‌లోనే జరిగిన కంప్యూటర్ బొమ్మల నిపుణుల సభలో ఆయన దాన్ని చూపించాడు. ‘స్టార్ వార్స్’ సినిమాలు తీసిన లూకాస్‌ఫిల్మ్ కంపెనీవాళ్ళు ఆ సభలో కూర్చుని వున్నారు. ఆ కంపెనీలో ఉద్యోగం చెయ్యాలన్నదే కార్పెంటర్ ఆశ. సభ అయ్యీ అవకముందే ఉద్యోగం ఆయన చేతికొచ్చింది. ఉద్యోగానికి అర్జీ పెట్టడంలో యింత ముచ్చటైన పద్ధతి నేను యింకెక్కడా వినలేదు.

అక్కడ చేరాక 1982లో ‘స్టార్ ట్రెక్’ రెండో సినిమాలో వాళ్ళు ఒక నిమిషంపాటు అద్భుతం చూపించారు. మట్టీ రాయీ తప్ప ఏమీలేని మృతగ్రహం. ఒక జ్వాల దాన్ని చుట్టుముడుతుంది. కొండలు లేస్తాయి, సముద్రాలు నిండుతాయి, నేల పచ్చబడుతుంది. ఆ ఘట్టానికి వాళ్ళు పెట్టిన పేరుకి అర్థం సృష్టి. ఇది చదువుతున్నప్పుడు నాకు విశ్వామిత్రుడు గుర్తొచ్చాడు. త్రిశంకుణ్ణి స్వర్గంలోకి రానివ్వకపోతే, కోపం వచ్చి, ఆకాశంలో యింకో స్వర్గమే కట్టేశాడు ఆయన. కొబ్బరికాయ కూడా విశ్వామిత్ర సృష్టే అని మన పెద్దవాళ్ళు చెప్పేవారు. బ్రహ్మ చేసినదానికి పోటీగా చేసినా, మనం దాన్ని దేవుడికి కొట్టడం మానలేదు చూశారా!

కొండ వచ్చింది సరే. కొండ మీద రాయి రంగు, పైన మబ్బు, కింద నీటి మీద అల, వీటి మాటేమిటి? దీనికి జవాబు చెప్పినవాడు కెన్ పెర్లిన్. 1982లో వచ్చిన ‘ట్రాన్’ సినిమాకి కంప్యూటర్ బొమ్మలు చేసినవారిలో ఆయన ఒకరు. ఆ బొమ్మలన్నీ కొత్త స్టీలుగిన్నెల్లా తళతళ లాడటం ఆయనకి నచ్చలేదు. లోకంలో వస్తువులు అంత శుభ్రంగా వుండవు గదా! 1985లో ఆయన ఒక పద్ధతి ప్రకటించాడు. దాన్ని పెర్లిన్ నాయిస్ అంటారు. నాయిస్ అంటే గోల. అయితే యిది అదుపులో వుండే గోల. చేత్తో అలికిన మట్టిగోడ చూశారు గదా, ఎక్కడా సమంగా వుండదు, అలాగని గతుకులూ వుండవు. ఒక చోట్నించి పక్క చోటికి మెల్లగా మారుతుంది. అలాంటి మెత్తని ఎగుడుదిగుడుని లెక్కలో పెట్టాడాయన. దాన్ని ఒకలా వాడితే చలువరాయి చారలు, ఒకలా వాడితే మబ్బులు, ఒకలా వాడితే నీటి మీద అలలు. సినిమాలకి యింత ఉపకారం చేసినందుకు 1997లో ఆయనకి సాంకేతిక విభాగంలో ఆస్కార్ బహుమానం యిచ్చారు.

గమనించండి, ఈ కథలో ముందడుగు పడిన ప్రతిచోటా ఒకటే జరిగింది. యంత్రం తన నునుపుని వదులుకుని, లోకంలో వున్న గరుకుని కొంచెం నేర్చుకుంది. నేర్పినవాళ్ళు కొండల్నీ, గోడల్నీ, మబ్బుల్నీ ఓపిగ్గా చూసినవాళ్ళు.

మాండెల్‌బ్రాట్ దగ్గర యేల్ విశ్వవిద్యాలయంలో కెన్ మస్‌గ్రేవ్ అనే శిష్యుడుండేవాడు. అతన్ని మాండెల్‌బ్రాట్ మొదటి నిజమైన ఫ్రాక్టల్ చిత్రకారుడని మెచ్చుకున్నాడు. మస్‌గ్రేవ్ పట్టుదల ఎలాంటిదంటే, బొమ్మలో ఏ ఒక్క రాయినీ తన చేత్తో జరపకూడదు. సూత్రం రాయాలి, సూత్రం యిచ్చిన ప్రపంచాన్ని స్వీకరించాలి. నచ్చకపోతే సూత్రమే మార్చాలి. ఇలాంటి కొండల్లో యింకో వింత వుంది. గవ్వలు అన్నాను గదా, కంప్యూటర్‌లో ఆ గవ్వల పాటంతా ఒక అంకె నుంచి పుడుతుంది. అదే అంకె యిస్తే అదే కొండ, రాయి రాయితో సహా, మళ్ళీ వస్తుంది. అంకె ఒకటి పెంచితే పూర్తిగా వేరే కొండ. అంటే ఎన్ని అంకెలుంటే అన్ని పర్వతశ్రేణులు లోపల నిద్రపోతున్నాయన్నమాట. అందులోంచి ఏది లేపాలి? ఆ ఎంపిక మాత్రం యంత్రానికి రాదు.

ఇంతవరకూ యిదంతా పెద్ద పరిశోధనశాలల్లో, లక్షల ఖరీదైన యంత్రాల మీద జరిగిన పని. అది యిళ్ళలోకి వచ్చింది 1994లో. ఎరిక్ వెంగర్ అనే ఫ్రెంచి కళాకారుడు ముఖ్యంగా శ్రమించి చేసిన బ్రైస్ అనే సాఫ్ట్‌వేర్ ఆ ఏడు మెకింతోష్ కంప్యూటర్లకి విడుదలయింది. అమెరికాలో యూటా రాష్ట్రంలో బ్రైస్ కాన్యన్ అని ఎర్రరాతి స్తంభాల లోయ వుంది, ఆ పేరే దీనికి పెట్టారు. కొండ కావాలంటే ఒక మీట, నీళ్ళు కావాలంటే ఒక మీట, సూర్యుడు ఎక్కడుండాలో, మంచు ఎంత దట్టంగా వుండాలో చూపిస్తే చాలు. లెక్కలు రానివాళ్ళు కూడా విశ్వామిత్రులైపోయారు. ఆ దశాబ్దం చివర్లో ఇంగ్లండులో మాట్ ఫెయిర్‌క్లఫ్ చేసిన టెర్రాజెన్ వచ్చింది. ఇంట్లో సరదాకి వాడుకునేవారికి ఉచితం. దాని ఆకాశాలూ, పొగమంచూ చూసి ఫోటోలే అనుకున్నవాళ్ళున్నారు.

మీటలు నొక్కడం తేలికే గాని, బొమ్మ తయారవడం తేలిక కాదు. తెర మీద ప్రతి చుక్కకీ కంప్యూటర్ విడిగా లెక్క కట్టాలి. ఈ చుక్క దగ్గర ఏ రాయి కనిపిస్తుంది? దాని మీద ఎండ పడుతుందా, వేరే కొండ నీడ అడ్డం వస్తుందా? నీటిలో ప్రతిబింబం ఏది? మధ్యలో గాలి ఎంత మందం? దూరపు కొండలు నీలంగా కనపడటం మనకి తెలుసు గదా, ఆ నీలం ఎంత కలపాలి? 1990లలో యింటి కంప్యూటర్లు ఒక్క బొమ్మకి గంటల తరబడి తీసుకునేవి. అందుకని ఆ కళాకారులు రాత్రి పూట పని అప్పజెప్పి పడుకునేవారు. పాలు తోడుపెట్టి పడుకున్నట్టే. తెల్లవారి లేచి చూస్తే గడ్డపెరుగే అయివుండవచ్చు, విరిగి నీళ్ళయినా వుండవచ్చు. సూర్యుడు అంగుళం కిందికి దిగాడని తేలితే, మళ్ళీ ఆ రాత్రికి తోడుపెట్టాల్సిందే.

ఇలా తోడుపెట్టి పడుకున్నవాళ్ళలో అమెరికన్ యువకుడు ర్యాన్ బ్లిస్ ఒకడు. 1997లో డిజిటల్ బ్లాస్ఫెమీ అనే పేరుతో తన బొమ్మల్ని ఇంటర్‌నెట్‌లో జనం తెరలకి అందించడం మొదలుపెట్టాడు. బ్లాస్ఫెమీ అంటే దైవదూషణ. ఆ పేరు చూసి, విశ్వామిత్రుడు నాకు వూరికే గుర్తు రాలేదనుకున్నాను. అతని బొమ్మల్లో వెన్నెల రాత్రులు, వెలుగు పురుగులు మినుకుమినుకుమనే చెట్లు, రెండు చందమామలున్న సముద్రాలు. కొన్ని ఉచితంగా యిచ్చి, మిగతావి చందా కట్టినవాళ్ళకిచ్చాడు. గోడకి తగిలించడానికి వీల్లేని, చేత్తో పట్టుకోవడానికి వీల్లేని బొమ్మకి జనం డబ్బిస్తారా? ఇచ్చారు. పాతికేళ్ళకి పైగా అదే అతని వృత్తి అయింది. కిటికీలేని ఆఫీసు గదుల్లో పొద్దస్తమానం తెర ముందు కూర్చునేవాళ్ళకి ఆ తెరే కిటికీ. కిటికీకి ఖరీదు కట్టడం అంత వింతేమీ కాదు.

ఇక్కడ ఒక తమాషా కథ చెప్పాలి. 2001 అక్టోబరులో విండోస్ ఎక్స్‌పీ వచ్చింది. దాంతోపాటు తెర మీద ఒక పచ్చటి గుట్ట, పైన నీలాకాశం, తెల్లటి మబ్బులు. మన వీధుల్లో ఇంటర్‌నెట్ సెంటర్లలో, బ్యాంకుల్లో, రైల్వే రిజర్వేషన్ కౌంటర్లలో ఆ గుట్టని చూడనివాళ్ళు లేరు. అంత పచ్చదనం, అంత నున్నటి వంపు ఎక్కడుంటుంది, కంప్యూటర్‌లో చేసిందే అని చాలామంది తీర్మానించేశారు. తీరా చూస్తే అది నిఖార్సయిన ఫోటో! 1996లో కాలిఫోర్నియాలో సొనోమా ప్రాంతంలో, ఛార్లెస్ ఓరేర్ అనే ఫోటోగ్రాఫర్ కారులో పోతూ పోతూ ఆగి, ఫిల్మ్ కెమెరాతో తీశాడు. ఆ గుట్ట మీద అంతకుముందు ద్రాక్షతోటలుండేవి. తెగులు వచ్చి తీగలు పీకేశారు. ఆ ఖాళీలో వానలకి గడ్డి మొలిచింది. తరవాత మళ్ళీ ద్రాక్ష వేశారు, ఆ పచ్చటి గుట్ట అలా లేకుండా పోయింది. మైక్రోసాఫ్ట్ ఆ ఫోటోకి పెట్టిన పేరు బ్లిస్, అంటే ఆనందం. ర్యాన్ బ్లిస్ యింటిపేరూ అదే. ఒక బ్లిస్ లేని కొండల్ని ఉన్నట్టు చూపిస్తే, యింకో బ్లిస్ ఉన్న కొండే అయినా ఎవరూ నమ్మలేదు.

ఉన్న కొండనే కంప్యూటర్‌లో కట్టే దారి కూడా ఏర్పడింది. 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ అనే అమెరికా అంతరిక్ష నౌక పదకొండు రోజులపాటు భూమి చుట్టూ తిరిగి, రాడార్‌తో నేల ఎత్తుపల్లాల్ని కొలిచింది. భూమి మీద నేల భాగంలో నూటికి ఎనభై వంతుల లెక్క వచ్చింది. అందులో మన నల్లమల వుంది, శేషాచలం వుంది, అరకు లోయ వుంది. ఆ అంకెలు ఎవరైనా తీసుకోవచ్చు. శేషాచలం ఏడుకొండల వంపుల్ని అమెరికాలో వున్న మన పిల్లలెవరైనా తెర మీద లేపుకుని, మీద తమకిష్టమైన సూర్యోదయం పెట్టుకోవచ్చు. అయితే అంకెలు వంపు యిస్తాయి గాని, మెట్లదారి పక్కన రాయి ఎలా వుంటుందో యివ్వవు. అక్కడ మళ్ళీ ఫ్రాక్టలే దిక్కు.

2022 నుంచి యింకో సంగతి జరుగుతోంది. ఒక్క వాక్యం రాస్తే చాలు, కృత్రిమ మేధ క్షణాల్లో మంచుకొండ గీసి పెడుతుంది. తోడుపెట్టి తెల్లవార్లూ ఎదురు చూడనక్కర్లేదు. ముచ్చటగానే వుంటుంది. కాని రెంటికీ తేడా వుంది. ఈ కొత్త యంత్రం మనుషులు గీసిన, తీసిన కోట్ల బొమ్మల్ని చూసి, వాటిలోంచి కొండ ఎలా వుంటుందో పోల్చుకుంటుంది. ఆ బొమ్మలు వేసినవాళ్ళలో చాలామందిని ఎవరూ అడగలేదు. తమ కూడు పోతోందని వాళ్ళు బాధపడుతున్నారు, అది న్యాయమైన బాధే. కార్పెంటర్ త్రికోణాలు మాత్రం ఎవరి బొమ్మనీ చూడలేదు. వాటి వెనక వున్నది, కొండనే చూసి, కొండ ఎందుకు కొండలా వుంటుంది అని ఆలోచించిన మనిషి.

ఇదంతా చదివాక, పిన్ని వూరికి వెళ్ళేముందు రోజు, ఆవిడ ప్రశ్నకి జవాబు చెబుదామని కూర్చున్నాను. త్రికోణాలు చెప్పాను, గవ్వలు చెప్పాను, మునగరెమ్మ చెప్పాను. ఆవిడ శ్రద్ధగా విని, "ఆ బొమ్మ మళ్ళీ ఒకసారి పెట్టమను" అంది. అమ్మాయి పెట్టింది.

ఈసారి పిన్ని దణ్ణం పెట్టలేదు. కళ్ళజోడు సవరించుకుని దగ్గరగా వంగి చాలాసేపు చూసింది. "కేదారంలో చూశానే నేను. మరీ నిటారుగా వున్న చోట మంచు నిలవదు. రాయి నల్లగా బయటికి కనిపిస్తుంది. కాస్త వాలుగా వున్న చోటే నిలుస్తుంది. ఇక్కడా అట్లాగే వుంది చూడు" అని వేలుపెట్టి చూపించింది.

అమ్మాయి ఆశ్చర్యపోయింది. "అవునమ్మమ్మా! ఆ సాఫ్ట్‌వేర్‌లో అది కూడా ఒక లెక్కే. వాలు యింత కన్నా ఎక్కువైతే మంచు వెయ్యొద్దని చెప్పాలి."

"మరి చెప్పినవాడు ఎక్కడో కొండెక్కి చూసే చెప్పి వుంటాడు గదా" అంది పిన్ని.

తరవాత తన సంచీలోంచి పాత కవరొకటి తీసింది. అందులో వాళ్ళ పెళ్ళిఫోటో. బెజవాడలో స్టూడియోలో తీయించుకున్నది. వెనక తెర మీద కొలను, హంసలు, విరగబూసిన తీగలు. ముందు పట్టుచీరలో బిగుసుకుపోయి పద్ధెనిమిదేళ్ళ పిన్ని, పక్కన కోటేసుకుని బాబాయి. బాబాయి పోయి ఆరేళ్ళయింది.

"ఈ కొలను ఏ వూళ్ళోదని నేనెప్పుడూ అడగలేదే" అంది పిన్ని, ఫోటో మళ్ళీ కవర్లో పెడుతూ.